మూన తిరుగు వరకు

ప్రాణమున్న దానిని ఒక చోటనుండి తీసి మరియొక చోట నిలుపుట సులువైన పని కాదు. రాతిని కదిలించుటకు బలము చాలును. నారును కదిలించుటకు ఓర్పు కూడ కావలెను. పొలము పని చేయు మన సంఘములవారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. అయినను గత శీతకాలములో ఒక అద్దాల తొట్టి దీనిని నాకు మరల నేర్పినది గనుక, ప్రియ పాఠకులారా, మీతో చెప్పుచున్నాను.

సెంటినరీ కాలనీలో మా ఇంటి ముందు గదిలో ఒక చేపల తొట్టి కలదు. దీనినే అక్వేరియం అందురు. పొడవు 3 అడుగులు, వెడల్పు అడుగున్నర, ఎత్తు అడుగున్నర. అంచువరకు నింపినచో దాదాపు 190 లీటర్ల నీరు పట్టును. అందులో ప్లాస్టిక్ పూలు లేవు. వేళ్ళూని బ్రదుకుచున్న నీటి మొక్కలే యున్నవి. ఏడేండ్లు గడచుసరికి గడ్డిపోచవంటి వాలిస్నేరియా పిలకలు వేసి తొట్టినంతను ఆక్రమించుకొనెను. తక్కిన మొక్కలకు వెలుతురు అందలేదు. అడుగున నల్లని మడ్డి పేరుకొనెను. అద్దముమీద పాచి పట్టి, లోపలి చేపలు కనబడుటయే అరుదాయెను.

ఆ తొట్టికి ఎదురుగా మా అమ్మ మంచమున్నది. ఆమెకు 82 ఏండ్లు. ఓపెన్‌కాస్టు గని కొరకు మా ఊరు ఖాళీ అయిన తరువాత మా యొద్దకు వచ్చినది. ఊరిలో కోడి కూయకమునుపే లేచి వాకిలి ఊడ్చి, నాలుగిండ్లు పలుకరించి వచ్చు మనిషి, ఇక్కడ గోడవైపు తిరిగి పండుకొనెడిది. రెండు ముద్దలు తిని పళ్లెము ప్రక్కకు నెట్టెడిది. వైద్యుడు చూచి, వయస్సే గాని రోగమేమియు లేదనెను. దినమంతటిలో ఆమె చూపు కొంచెము సేపు నిలుచునది ఆ తొట్టియందే. తొట్టిలోని చేప ఏదైనను ఆమెకు పరకయే. “పరకలు కనవడుతలెవ్వు బిడ్డా” అని ఒకనాడు అనగా, తొట్టిని తిరిగి అమర్చవలెనని నిశ్చయించుకొంటిని.

సంఘములోని యౌవనస్థులు సహాయమునకు వచ్చిరి. అంతయు పారబోసి, సబ్బుతో తోమి, క్రొత్త ఇసుక, క్రొత్త నీరు, క్రొత్త స్పాంజి పెట్టుదమని వారి ఆలోచన. వినుటకు బాగుగనే యున్నది. అట్లు చేసిన తొట్టి అద్దమువలె మెరయును. వారము తిరుగకమునుపే చేపలు ఒక్కొక్కటిగా నీటిమీద తేలును. దీనికి కారణము తెలిసికొనదగినది.

చేపల విసర్జనలోనుండి అమోనియా అను విషము నీటిలో చేరును. అది వాటి మొప్పలను కాల్చివేయును. ఆ నీటిలోనే కంటికి కనబడని సూక్ష్మజీవులు ఒక తెగవారు ఆ అమోనియాను నైట్రైటుగా మార్చుదురు. అదియు విషమే. మరియొక తెగవారు నైట్రైటును నైట్రేటుగా మార్చుదురు. నైట్రేటు వలన హాని మిక్కిలి తక్కువ; మొక్కలు దానిని ఆహారముగా తీసికొనును. ఈ పనివారు ఒక క్రొత్త తొట్టిలో కుదురుకొనుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. వారు నీటిలో తేలుచు తిరుగుట తక్కువ. ఫిల్టరు స్పాంజిని, రాళ్ళను, ఇసుకను అంటిపెట్టుకొని యుందురు. పాత నీరు నిలుపుకొంటిమి గదా యని స్పాంజిని పారవేయువాడు, పనివారిని వెళ్ళగొట్టి ఖాళీ ఇంటిని కాపాడుకొన్నవాడగును.

1850లో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఇటువంటి పరిశోధననే ప్రకటించెను. రెండు బంగారు చేపలను, మా తొట్టిలోనిదే యైన వాలిస్నేరియా మొక్కను ఒక తొట్టిలో ఉంచెను. మొక్క ఇచ్చు ప్రాణవాయువుతో చేపలు బ్రదికినవి. అయితే కొంతకాలమునకు ముదిరిన ఆకులు క్రుళ్ళి, నీరు కలతబారి, అద్దమునకు పాచి పట్టెను. అప్పుడాయన నీటి నత్తలను తెచ్చి వేసెను. అవి క్రుళ్ళిన ఆకును, పాచిని తినివేసెను. వాటి గ్రుడ్లు చేపలకు ఆహారమాయెను. తొట్టి తేటపడెను. ఆ తరువాత నాలుగేండ్లకు, 1854లో, ఫిలిప్ హెన్రీ గాస్ అను భక్తిపరుడైన ప్రకృతి శాస్త్రజ్ఞుడు వ్రాసిన గ్రంథము ద్వారా అక్వేరియం అను పేరు లోకములో వ్యాపించెను. చేప అందరికి కనబడును. నత్తను ఎవరును మెచ్చుకొనరు. కాని నత్త లేక చేపకు సుఖము లేదు.

కాబట్టి మేము పని చేసిన విధమిది. మొదట పాత నీటితో రెండు పెద్ద తొట్లు నింపి, ఒకదానిలో చేపలను, రెండవదానిలో స్పాంజిని, పాత రాళ్ళను, నత్తలను ఉంచితిమి. స్పాంజికి పట్టిన మడ్డిని ఆ పాత నీటిలోనే మెల్లగా పిండితిమి. కుళాయి నీటిలోని క్లోరిను ఆ సూక్ష్మజీవులకు మృత్యువు; అందుచేత క్రొత్తగా పోయవలసిన నీటిని ముందటి దినముననే డ్రమ్ములో పట్టి మూత లేక ఉంచితిమి. అడుగునున్న నల్లని మడ్డిని తీసివేసితిమి గాని, పై ఇసుకలో నాలుగు దోసిళ్ళు తిరిగి వేసితిమి. వాలిస్నేరియాను వెనుక వరుసకు పరిమితము చేసి, ముందు భాగమున క్రిప్టోకోరిన్ అను శ్రీలంక ఏళ్ళలో పుట్టిన మొక్కను నాటితిమి. నీరు పోయునప్పుడు ఇసుక లేవకుండ ఒక పళ్లెము పెట్టి దానిమీద ధారగా పోసితిమి. దినమునకు 8 గంటలు వెలిగించు దీపమును 6 గంటలకు తగ్గించితిమి. వెలుతురు ఎక్కువైనచో పాచి పెరుగును.

గోదావరి ఒడ్డున ఏరిన గులకరాళ్ళమీద నిమ్మరసము పిండి చూచితిమి. నురుగు వచ్చినది సున్నపురాయి గనుక ప్రక్కన పెట్టితిమి. ఒక పిల్లవాడు బొగ్గుపొరమీది రాతి పలక నొకటి తెచ్చెను. దానిమీద నాలుకవంటి ఆకు అచ్చు స్పష్టముగా నున్నది. గ్లోసోప్టెరిస్ అను చెట్టు ఆకు అది. శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారము 25 కోట్ల ఏండ్లకు పైగా పూర్వము ఈ గోదావరి లోయలో చిత్తడి అడవులుండెను. రాలిన ఆకులు, కొమ్మలు గాలి చొరని నీటిలో మునిగి, పూర్తిగా క్రుళ్ళక, మట్టిక్రింద అణగి బొగ్గాయెను. మనము వెలికితీయు నల్లబంగారము ఒకప్పటి పచ్చదనమే. బొగ్గుపొరల రాతిలో గంధకము కలిసిన ఖనిజముండవచ్చును. అది నీటిని పులియజేయును గనుక ఆ పలకను తొట్టిలో వేయక, ప్రక్క అరలో నిలిపితిమి. అమ్మ దానిని చేతితో తడిమి, “గీ ఆకు కోసమేనా మన ఊరు లేసిపోయింది?” అని అడిగినది. నేను మౌనముగా నుంటిని.

ఆరవ దినమున క్రొత్తగా నాటిన క్రిప్టోకోరిన్ ఆకులు గాజువలె పారదర్శకమై, కరగి జారిపోయెను. యౌవనస్థులు విచారపడి, చచ్చిన మొక్కను పెరికివేయుదుమనిరి. మంచముమీదనుండి అమ్మ పలికినది. “సచ్చిందని ఎవ్వలు చెప్పిండ్రు? ఏరు సూసిండ్రా? నారు వీకి నాటేస్తె ఎర్రవడదా? మూన తిరిగేదాక ఓపిక పట్టాలె.”

ఆమె చెప్పినదే నిజము. ఈ మొక్క స్వభావమే అంత. స్థలము మారినచో ఆకును విడిచిపెట్టును గాని వేరును విడువదు. దానిని మరల పీకి చూచుటయే చంపుట. కరిగిన ఆకులను మాత్రము తీసివేసి, వేరును ముట్టక విడిచితిమి. నాలుగవ వారమున మట్టిలోనుండి గోరంత ఎర్రని చిగురు లేచెను. చేప ఒక్కటియు చావలేదు.

ఆ నాలుగు వారములలో అమ్మనుగూర్చి నేను మిక్కిలి ఆలోచించితిని. ఊరినుండి ఆమెతో కూడ వచ్చినవి పందిరి మంచము, విసుర్రాయి, రెండు దూలములు, ఒక తలుపు. ఇవన్నియు కంటికి కనబడు సామగ్రి. రానిది ఒకటే: సాయంకాలము అరుగుమీద కూర్చుండి ఆమెతో మాటలాడిన అయిదుగురు స్త్రీలు. వారు పునరావాస కాలనీలో తలా ఒక వీధిలో నున్నారు. వారిలో ఇద్దరు మన సంఘమువారు, ముగ్గురు కారు. ఊరిలో ఒకరి దుఃఖమును ఒకరు అరిగించుకొనునట్లు చేసినది ఆ అరుగే. ఆ పనివారు లేక ఎంత మంచి ఇల్లైనను నీరు మాత్రమే నిండిన తొట్టి.

కనుక గురువారపు కుటీర ప్రార్థనను ఆ కాలనీలో ఆ అయిదుగురిలో ఒకరి ఇంటికి మార్చితిమి. వారమువారము అమ్మను ఆటోలో తీసికొనిపోవుచున్నాము. ప్రార్థన అరగంట, తరువాతి మాటలు రెండు గంటలు. ఆ రెండు గంటలను తొందరపెట్టవద్దని సంఘ పెద్దలతో చెప్పియున్నాను. సంఘములో చేరని ఆ ముగ్గురును వచ్చి కూర్చుందురు. అమ్మ పూర్తిగా మారెనని చెప్పజాలను. ఊరి పేరు విన్నప్పుడు నేటికిని ఆమె కన్నులు తడియగును. అయితే గురువారము రాత్రి పళ్లెములో అన్నము మిగులుట లేదు. గోడవైపు తిరుగుటయు తగ్గినది.

మన ప్రాంతములో కదలిక ఆగునది కాదు. గనులు తెరువబడును, మూయబడును. పదవీ విరమణ చేసినవారు క్వార్టర్లు విడిచి పోవుదురు. పాత మందిరము పడగొట్టి క్రొత్తది కట్టుకొనుచున్న సంఘములును అనేకములు. అటువంటి దినములలో ఏమి తీసికొనిపోవలెనో లెక్క వ్రాయునప్పుడు, కనబడని పనివారిని ఆ పట్టికలో మొదట వ్రాయుడి. ప్రక్క ఇంటి ముసలమ్మను, నత్తవలె మెల్లగా ఇంటింటికి తిరిగి కలతను తీర్చు సహోదరిని, కలిసి కూర్చుండు అలవాటును విడువకుడి. ఆకులు రాలిన వారిని చూచి వీరి పని ముగిసినదని తీర్పు తీర్చకుడి. వేరు ఎక్కడనున్నదో సృష్టికర్తకు తెలియును. నీరు పోయుట, కాచియుండుట మన వంతు.