అవ్వా, నన్నెవరూ తరమడం లేదు

బంగారుపాళ్యం దగ్గరి పల్లెలో ఉండే అవ్వకు ఫోన్లో మాట్లాడటం గిట్టదు. క్షేమం అడిగాక ఇంకేం చెప్పాలో తోచదు, పైగా పక్కింటి వాళ్ళంతా వింటారని బిడియం. అందుకే తిరుపతిలో చదువుకునే మనవరాలు కాగితం మీద రాస్తుంది. రాసిన పేజీని ఫోటో తీసి తమ్ముడికి పంపితే, వాడు అరుగు మీద కూర్చుని గట్టిగా చదువుతాడు. వాడు సొంత కవిత్వం కలుపుతాడని ఆమెకు తెలుసు. అనుమానం వచ్చిన చోటల్లా ‘రేయ్, ఇది ఉన్నదున్నట్టు చదువు’ అని రాసి గీత కొడుతుంది.

2023 నవంబరు చివర్లో ఆమె గోవాకు బయల్దేరింది, సముద్రపు ఒడ్డున జరిగే ఈత-పరుగు పోటీకి. ప్రయాణంలో రాసిన ఉత్తరాల్లో పోటీ గురించి ఉన్నది ఒక పాలు, తిండి గురించి రెండు పాళ్ళు, డబ్బుల గురించి మిగతాది.

మొదటి ఉత్తరం రైలెక్కక ముందు తిరుపతిలోనే రాసింది. ముసురు పట్టి ఉంది. అవ్వ అంతకు ముందు అడిగించిన ప్రశ్నకు జవాబు అందులో ఉంది. “సముద్రంలో దిగేది ఎందుకు, మళ్ళా లేసి పరిగెత్తేది ఎందుకు? ఎవురన్నా తరుముతా ఉండారా?” అని ముసలామె సందేహం. ఎవరూ తరమడం లేదని, చిరుత కూడా తరమలేదని మనవరాలు రాసింది. చిరుత మాట ఊరికే రాలేదు. ఆ ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నపాపను చిరుత పొట్టన పెట్టుకున్నాక, దేవస్థానం వాళ్ళు మధ్యాహ్నం తరవాత చిన్నపిల్లల్ని ఆ దారిలో పంపడం మానేశారు, నడిచే భక్తుల చేతికి కర్రలిచ్చారు. ఆమె సాధనంతా ఆ మెట్ల మీదే. మూడువేల అయిదువందల పైచిలుకు మెట్లు. గాలిగోపురం దాకా ఊపిరి అందదు, మోకాళ్ళ మిట్ట దగ్గర తొడలు కాలిపోతాయి. దేవుడి దారి కాబట్టి చెప్పులు వేసుకోదు. ఆ ఒట్టికాళ్ళ అలవాటు ఇసుకలో పనికొస్తుందని ఆమె లెక్క. కర్ర పట్టుకుని మెట్లెక్కుతూ పరుగు తీసే పిల్లను చూసి ఒక తమిళ పెద్దాయన ‘మొక్కు ఉందా తల్లీ?’ అని అడిగాడట. ఉందనే చెప్పిందట. వివరించి చెప్పడం కంటే అదే తేలిక.

ఈత మాత్రం ఊళ్ళోనే నేర్చింది, మడికాడి బావిలో. నడుముకు మునగబెండ్లు కట్టి నాయన తోసేశాడు. బావి ఈతకు ఒక తంతు ఉంది: తల పైకెత్తి, గోడ చూసుకుంటూ గుండ్రంగా తిరగడం. నిటారు దారి అన్నది అక్కడ ఉండదు. తరవాత చిత్తూరు పల్లెల్లో చాలా బావుల్లాగే అదీ ఎండిపోయింది. బోర్లు వెయ్యి అడుగులు దాటినా తడి తగలని రోజులవి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులై, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెల్ని ఖాళీ చేయించిన ఆ వారంలో మళ్ళీ బావి నిండింది. తమ్ముడు ఈత నేర్చింది అప్పుడే. ఆమె అప్పటికే తిరుపతి ఈతకొలనులో తల దించి ఈదడం నేర్చుకునే తంటాలో ఉంది. ‘ముందు ఆ బావిని నీ మెడలోంచి తియ్యి’ అని కోచ్ రోజూ తిట్టేవాడు.

సముద్రం సంగతి ఇంకా విడ్డూరం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు శ్రీహరికోట, పులికాట్ తీరం తిరుపతి జిల్లాకు వచ్చాయి, బంగారుపాళ్యం చిత్తూరు జిల్లాలో ఉండిపోయింది. ‘మాకు మామిడితోపులు, మీకు సముద్రం’ అని తమ్ముడు వెక్కిరించాడు. ఆమె మాత్రం పోటీకి ముందు సముద్రంలో ఈదింది చాలా తక్కువ. తిరుపతి నుంచి తీరానికి వెళ్ళి రావాలంటే ఒక రోజు, బోలెడు బస్సు చార్జీలు.

రెండో ఉత్తరం లోండా స్టేషన్లో రాసింది. హరిప్రియలో కూర్చుంటే కడప, గుంతకల్లు, బళ్ళారి, హుబ్బళ్ళి దాటి లోండా వస్తుంది. అక్కడ దిగి గోవా బండి పట్టుకోవాలి. ఆ బండి అర్ధరాత్రి దాటాక. ప్లాట్‌ఫారం మీద దోమలు, కుక్కలు, చలి. ‘ఇంటికి పోవాలని ఉంది’ అని రాసి కొట్టేసింది. తమ్ముడు ఆ కొట్టివేతను కూడా చదివి వినిపించాడు. అవ్వ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదని తరవాత తెలిసింది. పడమటి కనుమల్లో దూధ్‌సాగర్ జలపాతం పక్కగానే పోయింది రైలు. చీకటి కావడంతో ఏమీ కనబడలేదు.

గోవాలో దిగాక చార్జీల రగడ. పేజీన్నర దానికే పోయింది. మడగావ్ నుంచి పణజికి కదంబ బస్సులో హాయిగానే వచ్చింది. అక్కడ నుంచి మిరమార్ వైపు గదికి పోవాలి. ట్యాక్సీవాడు అడిగిన మొత్తం విని, ‘ఆ డబ్బుకు తిరుపతి నుంచి చిత్తూరుకు పోయి రావచ్చు’ అంది. అతనికి హిందీ వచ్చు, ఆమెకు వచ్చీరాని హిందీ. డిసెంబరు 3న పాత గోవాలో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ పండగ, ఊళ్ళన్నీ కదిలి వస్తున్నాయి, రేట్లు ఇలాగే ఉంటాయని అతని వాదన. ఇక్కడ ఆమెకు నవ్వొచ్చిందట. పండగ రేట్ల గురించి తిరుపతి నుంచి వచ్చిన పిల్లకా చెప్పేది? బ్రహ్మోత్సవాలప్పుడు గరుడసేవ రోజు ఆటో ఎక్కి చూడమంది. చివరకు పసుపు మడ్‌గార్డున్న మోటార్‌సైకిల్ వచ్చింది. గోవాలో వీటిని నడిపేవాళ్ళను పైలట్లంటారు, లైసెన్సు ఉన్న బాడుగ బండ్లే. సంచి ఒళ్ళో పెట్టుకుని, పట్టుకునే చోటు లేక బండివాడి భుజం పట్టుకోవాలా వద్దా అని మథనపడుతూ చేరింది. ‘భుజం పట్టుకోలేదు, నాయనకు చెప్పు’ అని అవ్వకు ప్రత్యేకంగా ఒక వాక్యం రాసింది. పాత గోవా చర్చికి ఆమె వెళ్ళలేదు. ఒట్టికాళ్ళతో నడిచిపోతున్న యాత్రికుల్ని దారిలో చూసి, వాళ్ళ మడమలు చూసి, వీళ్ళు గట్టివాళ్ళు అనుకుందట, అంతే.

గదిలో ముగ్గురు: ఈమె, ఒక మహారాష్ట్ర అమ్మాయి, ఒక మణిపూర్ అమ్మాయి. మణిపూర్ అంటే ఈ ఆటల్లో గౌరవం. 2019లో పోఖరాలో జరిగిన దక్షిణాసియా క్రీడల్లో మహిళల ట్రయథ్లాన్ స్వర్ణం మణిపూర్‌కే చెందిన థౌడమ్ సరోజినీ దేవిది, రజతం గుజరాత్‌కు చెందిన ప్రజ్ఞా మోహన్‌ది. ఆ పేర్లు ఈ పిల్లలు ఇంటివాళ్ళ పేర్లలా పలుకుతారు. మణిపూర్ అమ్మాయి మాత్రం తక్కువ మాట్లాడుతుంది. మే నెల నుంచి అక్కడ గొడవలు, నెట్ ఉండీ లేనట్టు. ఇంటికి ఫోన్ కలిసిన రోజు ఆమెకు పండగ. మహారాష్ట్ర అమ్మాయి అందుకు పూర్తిగా ఎదురు. స్వీడన్‌లో జరిగిన ఒక ఈత-పరుగు పందెం కథ చెప్పి నవ్వించింది ఆమే. 2002లో ఉటో అనే దీవిలో నలుగురు మిత్రులు పందెం కాసుకున్నారు, ఇద్దరిద్దరు జట్లుగా దీవులన్నీ ఈదుతూ, పరుగెత్తుతూ సాండ్‌హామ్న్ దాకా పోవాలని. ఓడిన జట్టు ఖర్చు పెట్టుకోవాలి. చేరేసరికి ఒక రోజు పైనే పట్టింది, అప్పటికి విందు చేసుకునే ఓపిక ఎవరికీ లేదు. 2006 నుంచి అది పెద్ద పోటీ అయింది: 75 కిలోమీటర్లు, బూట్లతోనే ఈదాలి, ఈత దుస్తులతోనే పరుగెత్తాలి. తమ్ముడు ఇది చదివినప్పుడు అవ్వ అడిగిందట, ఆ నలుగురికీ పెండ్లిండ్లయినాయా అని.

ఇక తిండి. అమ్మ స్టీలు డబ్బాలో రాగిపిండి, చెనిక్కాయల ఊరిబిండి, చిత్తూరు బెల్లం పెట్టి పంపింది. గోవా హోటల్లో చేపల తాళీ, కోకం వేసిన గులాబి రంగు సోల్‌కడీ బాగున్నాయన్నారు. కానీ పోటీ ముందు కొత్త తిండి ముట్టుకోకూడదని కోచ్ కట్టడి. ఉదయం సైకిల్ మీద హారన్ కొట్టుకుంటూ వచ్చే బ్రెడ్డు మనిషి దగ్గర పావ్ మాత్రం కొన్నది. గదిలో కరెంటు కెటిల్ ఉంది. సంకటి చేద్దామని ఆశపడింది. బియ్యం లేదు, కెలికే కట్టె లేదు, స్పూనుతో కెలికితే పిండి ఉండలు కట్టి కెటిల్ అడుగంటింది. గది ఇచ్చినావిడ రాకముందే ముగ్గురూ కలిసి కెటిల్ తోమారు. రెండోసారి నీళ్ళెక్కువ పోసి అంబలి కాచింది. మజ్జిగ దొరక్క పెరుగు చిలికి పోసుకుంది. నంజుకోవడానికి ఊరిబిండి. మహారాష్ట్ర అమ్మాయికి కళ్ళలో నీళ్ళొచ్చాయి, కారానికే. అయినా మళ్ళీ అడిగింది.

పోటీ జరిగిన ఆదివారం తెలంగాణ ఎన్నికల ఫలితాల రోజు కూడా. హైదరాబాద్ కుర్రాళ్ళు బూట్లు కట్టుకుంటూ ఓట్ల లెక్కింపు ఎప్పుడు మొదలవుతుందో మాట్లాడుకుంటున్నారు. ఊళ్ళో కొన్నిచోట్ల ఇంకా నెల కిందటి జాతీయ క్రీడల అడవిదున్న బొమ్మ ‘మోగా’ పోస్టర్లు వేలాడుతున్నాయి.

ఆమె వచ్చిన పోటీ పేరు అక్వాథ్లాన్. ప్రపంచ ట్రయథ్లాన్ సంస్థ పద్ధతిలో అంటే కిలోమీటరు ఈత, ఐదు కిలోమీటర్ల పరుగు. నీళ్ళు చల్లగా ఉంటే ముందు ఈదేసి ఒకేసారి పరుగెత్తుతారు. వెచ్చగా ఉంటే పరుగును రెండు ముక్కలు చేసి, నడుమ ఈత పెడతారు. గోవాలో వెచ్చన, కాబట్టి రెండోదే. చూడటానికి చిన్న మార్పు. ఒంటికి మాత్రం చాలా తేడా. రెండున్నర కిలోమీటర్లు ఉరికి, గుండె గొంతులో కొట్టుకుంటుండగా ముఖం నీళ్ళలో పెట్టాలి. పరుగులో ఊపిరి ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకుంటాం. నీళ్ళలో చెయ్యి తిరిగినప్పుడే దొరుకుతుంది. మొదటి వంద మీటర్లు ఆమెకు ఆ లయ చిక్కలేదు. ఎవరి మడమో కళ్ళద్దాలకు తగిలింది, ఉప్పునీళ్ళు గుటకేసింది. సముద్రం అడుగున కొలనులోలా నల్లగీత ఉండదు. నారింజరంగు బోయ ఎక్కడుందో అలల మధ్య తలెత్తి చూసుకోవాలి, లేకుంటే వంకరగా ఈది దూరం పెంచుకుంటారు. అక్కడ పాత బావి ఆదుకుంది. తలెత్తి ఈదడం అందరికీ మెడనొప్పి, ఆమెకు చిన్ననాటి అలవాటు. కొన్ని బారలకొకసారి తల లేపి చూసుకుంటూ దాదాపు నేరుగా పోయింది. ‘కోచ్ సార్‌కు ఈ సంగతి చెప్పను’ అని రాసింది.

అసలు చిక్కు నీళ్ళలోంచి లేచినప్పుడు. అంతసేపూ పడుకున్న ఒళ్ళు ఒక్కసారి నిలబడితే తల తిరుగుతుంది. రెక్కలు గుంజి గుంజి అలిసిపోయి ఉంటాయి, కాళ్ళు మొద్దుబారి ఎవరివో అన్నట్టుంటాయి. ఇసుకలో తూలుతూ పెట్టె దగ్గరికి పోయి, బూట్లు తొడిగి, నంబరు పట్టీ కట్టుకోవాలి. తాళ్ళు ముడేసే పని లేకుండా సాగే లేసులు వేసుకుంటారు. ఈ సందులో పోయిన సెకండ్లు పరుగులో రావు. ఆమె తడి కాలికి ఇసుక అంటుకునే బూటు తొడిగింది. ఆ తరవాత మిగిలిన దూరమంతా ఆ ఇసుక ఆమెతోనే పరుగెత్తింది. అయినా చివరి ముక్కలో మెట్లెక్కిన తొడలు పని చేశాయి, ముందున్నవాళ్ళలో కొందరిని దాటింది. తన వయసు విభాగంలో నాలుగో స్థానం. పతకాలు మూడే. మణిపూర్ అమ్మాయి మొదట, మహారాష్ట్ర అమ్మాయి మూడు.

పోటీ వివరం మొత్తం ఒక పేజీలో ముగించి, మెడ వెనక ఉప్పుకు ఒరుసుకుపోయి మండుతున్న చోటు గురించి మరో అరపేజీ రాసింది. ఆముదం రాయమని ఇంటి నుంచి వైద్యం వచ్చింది.

మర్నాడు జ్వరం. గోవాలో ఎండ కాస్తోంది, ఫోన్లో మాత్రం తిరుపతి, నెల్లూరు, చెన్నై నీళ్ళలో ఉన్నాయి. మిచౌంగ్ తుపాను. డిసెంబరు 5న అది బాపట్ల దగ్గర తీరం దాటేదాకా ఆమె మంచం మీద పడుకుని రైళ్ళ రద్దు జాబితాలు చదువుతూనే ఉంది. తమ్ముడు ఫోన్ ఎత్తలేదు. ఎత్తినప్పుడు చావు కబురు చల్లగా చెప్పినట్టు, కరెంటు లేక ఛార్జింగ్ అయిపోయిందన్నాడు. ఎద్దుల కొట్టం ఒక పక్క ఒరిగింది, మనుషులకేం కాలేదు, బావిలో నీళ్ళు పైకొచ్చాయి. అక్క అరిచిన అరుపుకు గదిలో మిగతా ఇద్దరూ లేచి కూర్చున్నారు: గట్టు నానిపోయి ఉంటుంది, తాను వచ్చేదాకా బావి ఛాయలకు పోతే కాళ్ళు విరగ్గొడతానంది.

చివరి ఉత్తరం గుంతకల్లులో, బండి ఆగి కదలని సమయంలో రాసింది. అప్పటికే అవ్వ ప్రశ్నలు అందాయి. “నువ్వు నాలుగో దానివి అయితే, ఆ ముగ్గురూ ఏం తింటారంట?”

పావ్, గుడ్లు, అరటిపండ్లు అని జవాబు రాసింది. ఇప్పుడైతే రాగులు కూడా. మిగిలిన పిండంతా మణిపూర్ అమ్మాయికి పొట్లం కట్టి ఇచ్చేసింది, ఊరిబిండి మహారాష్ట్ర అమ్మాయి గిన్నె నాకినంత పని చేసింది. తాను ఇల్లు చేరేసరికి రాగులు మరకు పంపించి ఉంచమని, ఈసారి పోటీ ఫీజు డబ్బులు నాయనను అడిగేది అవ్వే కావాలని రాసింది. కింద అమ్మకు ఒక ముక్క: స్టీలు డబ్బా ఎవరికీ ఇవ్వలేదు, మూతతో సహా తెస్తున్నాను.