డిక్కీ మీద స్వస్తిక్, పక్కన డీలరు పేరు

ఇది పాత కారు రంగు బాగుచేసుకోవడం గురించి రాస్తున్న వ్యాసం. హేతువాద మిత్రులకు కారు పాలిష్‌తో ఏం పని అని అడగవచ్చు. మా ఇంట్లో ఆ పాలిష్ కాస్తా దేవుడి గురించిన వాదన అయి కూర్చుంది. అందుకని ఇక్కడ పెడుతున్నాను.

మాది మారుతి 800. ఎర్ర రంగు. 1998లో జబల్పూర్‌లో డిఫెన్స్ అకౌంట్స్ ఉద్యోగంలో ఉండగా ప్రావిడెంట్ ఫండు సొమ్ము తీసి కొన్నాం. అదే మొదటి కారు, ఇప్పటికీ అదొక్కటే. (ఆ మోడల్‌లో మొదటి బండి కొన్నవారి చేతికి వచ్చింది 1983 డిసెంబరు 14న. తయారీ ఆపేసింది 2014 జనవరిలో.) 2020లో రిటైరై, భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేసిన నాన్నగారు ఉతైలో కట్టుకున్న ఇంటికి వచ్చేశాం. 2023లో కారు రిజిస్ట్రేషన్ మూడోసారి పొడిగించాను. పదిహేనేళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయలు కాస్తా 5000 అయింది. అంత కట్టాక బండిని చూస్తే మనసొప్పలేదు. ఇంజను బాగానే ఉంది. ఒళ్లు మాత్రం వెలిసిపోయిన గులాబీ రంగు, చెయ్యి రాస్తే పొడి. "బావా, దీన్ని తుక్కుకి వేసెయ్" అన్నాడు మా బావమరిది. నేను వెయ్యదలచుకోలేదు.

రంగు ఎందుకు వెలుస్తుందో ముందు తెలుసుకోవాలి. కారు రంగులో ఉండేవి ముఖ్యంగా రెండు: రంగునిచ్చే పొడి, ఆ పొడిని పట్టి ఉంచే రెసిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొరలోని రెసిన్‌ను విరగ్గొడతాయి. పట్టు వదిలిన పొడి సుద్దలా పైకి తేలుతుంది. నునుపు పోయి గరుకెక్కిన ఉపరితలం వెలుగును అన్ని వైపులకీ చెదరగొడుతుంది. ఆ తెల్లటి వెలుగు ఎరుపుతో కలిసి మన కంటికి గులాబీ అవుతుంది. వానలో తడిసిన పాత కారు కాసేపు కొత్తదానిలా కనబడేది ఇందుకే. నీరు ఆ గుంతల్ని నింపుతుంది. సెకండ్ హ్యాండ్ బళ్లు అమ్మేవాళ్లలో కొందరు కిరసనాయిలు గుడ్డతో తుడిచి చూపించేదీ ఇదే కిటుకు. రెండు రోజులాగి సబ్బు నీళ్లతో కడిగితే బండి అసలు మొహం బయటపడుతుంది.

నాకు ఈ పని నేర్పింది భిలాయిలో డెంటింగ్-పెయింటింగ్ చేసే ఒక పెద్దాయన. ఆయన చెప్పిన మొదటి పరీక్ష: తెల్ల గుడ్డకి కొంచెం కాంపౌండ్ రాసి, ఓ మూల రుద్ది చూడమన్నాడు. గుడ్డకి బండి రంగు అంటితే పైన పారదర్శకమైన వార్నిష్ పొర లేనట్టు, రంగే పైపొర. గుడ్డ ఎర్రబడింది. మా ఆవిడ చూసి "కుంకుమలా ఉందే" అంది.

రెండో పరీక్ష నాకు మరీ నచ్చింది. బండి కడిగి ఆరాక, చేతికి పల్చటి పాలిథిన్ సంచి తొడుక్కుని పైకప్పు మీద మెల్లగా రాయాలి. ఉత్త చేతికి నున్నగా తగిలిన చోట సంచిలోంచి ఇసుక కాగితంలా తగులుతుంది. అవి రంగులో గుచ్చుకుపోయిన రేణువులు. కడగక ముందు ఆ ధూళి మీద కాగితం చుట్టిన అయస్కాంతం తిప్పితే నల్లటి నూగు అంటుకుంది. ఇనుమే. ఉక్కు ఊరి పక్కన ఉన్నాం కదా, ఇంకేముంది అని ఎవరైనా అంటారు. కానీ రైలు బ్రేకుల నుంచీ ఇనుము రాలుతుంది, వెల్డింగ్ షాపు నుంచీ వస్తుంది, మన కారు బ్రేకుల నుంచే వస్తుంది. ఇనుము ఉందని మాత్రమే అయస్కాంతం చెబుతుంది, ఎవరిదో చెప్పదు. దాన్ని తీయడానికి జపాన్‌లో పుట్టిన క్లే బార్ అనే జిగురు మట్టి ముద్ద దొరుకుతుంది. సబ్బు నీటి తడి మీద జార్చితే రేణువుల్ని పీకేస్తుంది. ఇనుము మీద చల్లితే ఊదా రంగుకి తిరిగే ద్రవం కూడా ఉంది. బ్యూటీ పార్లర్లో జుట్టు ఉంగరాలు తిప్పడానికి వాడే మందు కుటుంబానిదే అది, వాసనా అంతే. ఊదా రంగు కారుతుంటే చూసేవాడికి ఏదో విషం దిగిపోతున్నట్టు ఉంటుంది. దుకాణాల వాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

తర్వాత కాంపౌండ్. ఇక్కడ కామర్స్ చదివిన బుద్ధి ఊరుకోదు. మెరుపు ఎక్కడి నుంచి వస్తోంది? పైన ఏదో పూయడం వల్ల కాదు, పాడైన పొరను అరగదీసి కింది మంచి పొరను బయటపెట్టడం వల్ల. కంపెనీ వేసిన రంగు, ప్రైమరుతో కలిపి, సుమారు 100 మైక్రాన్లు ఉంటుంది. అంటే మనం రాసుకునే ఒక కాగితం మందం. రుద్దిన ప్రతిసారీ అందులోంచి కొన్ని మైక్రాన్లు పోతాయి. అది వడ్డీ కాదు, అసలు. ప్రతి దీపావళికీ కటింగ్ పాలిష్ చేయించేవాళ్లు అసలు తినేస్తూ ఆదాయం వస్తోందని సంబరపడుతున్నారు. అంచుల మీద, మడతల మీద రంగు ఇంకా పల్చన. అక్కడ మాస్కింగ్ టేపు వేసి వదిలేశాను. మిషన్ వాడలేదు. చేత్తో, రోజుకో భాగం చొప్పున, పన్నెండు రోజులు పట్టింది. ఒక్కో భాగాన్ని టేపుతో సగం చేసి ఒక సగమే ముందు రుద్దాను, తేడా నా కోరికలో ఉందో రేకు మీద ఉందో తెలియాలి కదా. రేకు మీదే ఉంది. బోనెట్ సగం గులాబీ, సగం ఎరుపు.

ఈ మధ్యలో భిలాయిలోనే ఒక దుకాణంలో సిరామిక్ కోటింగ్‌కు 18,000 అడిగారు. "9హెచ్ సార్, వజ్రం తర్వాత ఇదే" అన్నాడు కుర్రాడు. ఖనిజాల కాఠిన్యం కొలిచే మోస్ స్కేలులో వజ్రం 10 కాబట్టి 9 అనగానే మనకు వజ్రం పక్కింట్లో ఉన్నట్టు తోస్తుంది. ఇక్కడి 9హెచ్ పెన్సిళ్ల స్కేలు. పూతల పరిశ్రమలో పెన్సిల్ ముల్లుతో గీసి పరీక్షిస్తారు. 9హెచ్ పెన్సిల్‌కు గీత పడలేదంటే అంతే అర్థం. ఆ పెన్సిల్ లోపల ఉండేది గ్రాఫైటు, బంకమట్టి. రోడ్డు మీది ఇసుకలో ఉండే క్వార్ట్జ్ మోస్ స్కేలులో 7, పెన్సిల్‌ను అవలీలగా అరగదీస్తుంది. ఆ కుర్రాడు నీళ్లు చల్లి ముత్యాల్లా జారడం చూపించాడు. ఇంటికొచ్చి మామూలు మైనం పాలిష్ రాసిన తలుపు మీద చల్లాను, అక్కడా ముత్యాలే. కోటింగ్ దండగ అనడం లేదు, మైనం కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. నీటి చుక్క జారడం మాత్రం దానికి రుజువు కాదు.

ఇక డిక్కీ.

కారు ఇంటికి తెచ్చిన రోజు మా ఆవిడ డిక్కీకి ఎడమ పక్కన స్వస్తిక్ స్టిక్కర్ అంటించింది. కుడి పక్కన డీలరు తన పేరు స్టిక్కర్ అప్పటికే అంటించి ఉన్నాడు. 2001లో మాండ్లా రోడ్డు మీద ఒక లారీ వెనక నుంచి గుద్దింది. నేను, ఆవిడ, ఆరేళ్ల మా అమ్మాయి బతికి బయటపడ్డాం. ఆ స్టిక్కరే కాపాడిందని ఆవిడ నమ్మకం. వేగం తక్కువ, బెల్టులు పెట్టుకున్నాం, పక్కన ఉన్నది లోయ కాదు చెరకు తోట. ఇవి నా కారణాలు. లారీ ముందు కూడా నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడుతున్నాయని నాకు గుర్తే, అది మాత్రం ఆవిడతో ఎప్పుడూ అనలేదు. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషితో గెలవాల్సిన వాదన కాదది.

మొన్న పాలిష్‌కి ముందు స్టిక్కర్లు ఊడదీశాం. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే జిగురు వదిలింది. స్వస్తిక్ కింద రంగు 1998 నాటి ఎరుపు, చుట్టూ గులాబీ. "చూశారా? దేవుడున్న చోట రంగు కూడా చెదరలేదు" అంది. నేను కుడి పక్కకు వేలు చూపించాను. డీలరు పేరు అక్షరం అక్షరం అంతే ఎర్రగా, ఫోన్ నంబరుతో సహా. డెలివరీ రెండు నెలలు ఆలస్యం చేసి, యాక్సెసరీస్ పేరుతో అదనంగా గుంజిన ఆ మహానుభావుడికి ఏ దేవుడి అండ?

అక్కడితో ఆగితే బాగుండేది. ఎర్ర ప్లాస్టిక్ బకెట్ మూత తెచ్చి దాని మీద మూడు అంటించాను: ఒక దేవుడి స్టిక్కరు, అంతే సైజు ఖాళీ స్టిక్కరు, ఒక పారదర్శకమైన టేపు. ఉగాది నుంచి దసరా దాకా డాబా మీద ఎండలో పెట్టాను. తీసి చూస్తే మొదటి రెంటి కింద ఒకే ఎరుపు. పారదర్శకమైన టేపు కింద, చుట్టూ ఉన్నంతా కాకపోయినా, బాగానే వెలిసింది. మా ఆవిడ మూతను తిప్పి తిప్పి చూసి, "బకెట్‌కి దేవుడెందుకు వస్తాడండీ?" అంది. దీనికి జవాబు మీలో ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, నా దగ్గర లేదు.

డిక్కీ పాలిష్ చేసే రోజు "స్వస్తిక్ గుర్తు మాత్రం చెరపకండి" అని అడిగింది. ఆలోచిస్తే చెరపాల్సిన పనే లేదు. ఎండ తగలని ఆ చోట రంగు పాడవలేదు, అసలు మొత్తం అలాగే ఉంది. దాని మీద కాంపౌండ్ రుద్దడమంటే ఉత్త పుణ్యానికి మైక్రాన్లు ఖర్చు పెట్టడం. సరేనని టేపు వేసి వదిలేశాను. "మరి ఆ డీలరు పేరు తీసెయ్యండి" అంది. స్వస్తిక్‌కి ఒక లెక్క, డీలరుకి ఒక లెక్క నా దగ్గర కుదరదన్నాను. అక్కడా టేపు వేశాను.

ఇప్పుడు డిక్కీ అంతా ఎర్రగానే ఉంది. మధ్యాహ్నం చూస్తే ఏమీ తెలియదు. సాయంత్రం ఏటవాలు వెలుగులో మాత్రం రుద్దని చోట్లు వెంట్రుకవాసి ఎత్తుగా, ఎడమ పక్కన స్వస్తిక్, కుడి పక్కన డీలరు పేరు కనబడతాయి. పోయిన గురువారం మా ఆవిడ పాత చోటే కొత్త స్వస్తిక్ అంటించింది. తేదీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. కుడి పక్క ఏమీ అంటించలేదు.