కుండ పక్కన పెట్టిన పొడి



నారుమళ్ల రోజులు వచ్చాయి. ఆరాధన అయ్యాక విత్తనాల మూటల మీద ప్రార్థన చేయమని అడుగుతున్నారు. చేస్తాము. అంతకుముందు ఒక సంగతి ఒప్పుకోవాలి.

పోయినేడు మీ అందరి కోసం సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ ప్యాకెట్లు తెచ్చాము. అది మేలు చేసే బ్యాక్టీరియా. విత్తనానికి పట్టిస్తే మొలకతోపాటే వేరు మీద పెరుగుతుంది. తెగులు శిలీంధ్రానికి కావలసిన ఇనుమును ముందే పట్టేస్తుంది, మొక్కలో తట్టుకునే శక్తిని లేపుతుంది. పాముపొడ తెగులు సంగతి మీకు తెలుసు. దాని గుళికలు మట్టిలోనే దాగి ఉండి, చేలో నీరు నిలవగానే పైకి తేలి దుబ్బుకు అంటుకుంటాయి. మనం వేసే స్వర్ణ ఆ తెగులుకు అసలు ఆగదు.

ఆ ప్యాకెట్లను మందిరం వరండాలో రేకుల కింద పెట్టి మరిచాము. రోహిణి కార్తె. నీడలో, చల్లగా ఉంచమని కవరు మీద రాసే ఉంది. జీవమున్న దాన్ని యూరియా బస్తాలా చూశాము. జూన్ నెలాఖరున అదే పొడి పంచి, చేతులెత్తి ప్రార్థించి పంపాము.

సెప్టెంబరులో మన సంఘంలోని ఒక విధవరాలు కబురు పెట్టింది. అరెకరం కౌలు చేను. వెళ్లి చూస్తే దుబ్బులకు నీటి మట్టం పైన పాము చర్మంలాంటి మచ్చలు.

"ప్రార్థన చేసిన పొడి కదా అని ఇంక మందు కొట్టలేదండి అయ్యగారూ" అంది.

దేవుడు పరీక్షిస్తున్నాడమ్మా అనే మాట నోటిదాకా వచ్చింది. ఎన్ని ఇళ్లలో అన్నామో! ఆ రోజు మింగేసి, రేకుల సంగతి చెప్పాము. పొడి బతికున్నా తెగులు తగ్గేదేగాని పూర్తిగా ఆగేది కాదు. అదీ ముందే చెప్పాల్సింది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "కౌలు కట్టాలండి" అంది, అంతే. కొంత మేము సర్దాము. చాలలేదు.

మార్కు 4వ అధ్యాయంలో రైతు నిద్రపోతూ లేస్తూ ఉండగా విత్తనం మొలుస్తుందని ఎన్నో ఏళ్లుగా బోధిస్తున్నాము. ఆ రైతు విత్తనాన్ని ఎండలో పడేసి నిద్రపోలేదు.

ఈ ఏడు తేదీ చూసి తెచ్చాము. కిలో విత్తనానికి 10 గ్రాములు, లీటరు నీళ్లు. రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచి, మండె కట్టండి. రాగి మందులతోగాని స్ట్రెప్టోసైక్లిన్‌తోగాని కలపకండి, చచ్చిపోతుంది.

మొన్న శనివారం ఆమె వచ్చింది. తేదీ చదవమంది, చదివాము. "ఎక్కడ పెట్టారండి?" అంది. వంటగదిలో మంచినీళ్ల కుండ పక్కన చూపించాము. వంగి నేల మీద చెయ్యి ఆనించి చూసింది. తర్వాత వెళ్లి గుమ్మం దగ్గర పెట్టిన 12 కిలోల మూట లోపలికి తెచ్చింది.