కొత్త కాలనీల్లో పాట పిట్టలు: జనగామ నుంచి భూపాలపల్లి దాకా

2016 అక్టోబర్ 11న తెలంగాణ జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. ఆనాటి నుంచి ఈ పట్టణాల అంచుల్లో ఇళ్ల స్థలాల వెంచర్లు, 560 చదరపు అడుగుల డబుల్ బెడ్రూం ఇళ్ల వరుసలు, సమీకృత కార్యాలయ భవనాలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. జనగామ కలెక్టరేట్ 2022 ఫిబ్రవరి 11న, మహబూబాబాద్ కలెక్టరేట్ 2023 జనవరి 12న ప్రారంభమయ్యాక వాటికి వెళ్లే దారుల పొడవునా భూముల ధరలతో పాటు నేల రూపమూ మారింది. కొత్తగా కట్టిన పేటలోకి పాడే పిట్టలు మళ్లీ ఎలా వస్తాయి, వచ్చినవి ఎలా నిలుస్తాయి అన్న ప్రశ్నతో ఈ మూడు పట్టణాలను వరుసగా చూస్తే, ఒక ఊరికి పనికివచ్చిన జవాబు మరో ఊరికి యథాతథంగా సరిపోదని త్వరలోనే అర్థమవుతుంది. ఎందుకంటే పిట్ట దూరం నుంచి పిలిస్తే వచ్చే ప్రాణి కాదు, పక్కనే బతుకుతున్న పిట్టకు కాలనీలోకి దారి, అక్కడ తిండి, గూటికి చోటు ఉన్నప్పుడు మాత్రమే అది ఆ కాలనీ పిట్ట అవుతుంది.

గాన పక్షులు అన్న మాటకు శాస్త్రంలో నిర్దిష్టమైన అర్థం ఉంది. మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కు ఉండి కొమ్మను గట్టిగా పట్టుకోగల పక్షుల క్రమంలో, శ్వాసనాళం రెండుగా చీలే చోట ఉండే ధ్వని అవయవాన్ని నడిపే కండరాలు బాగా వృద్ధిచెందిన వర్గాన్ని గాన పక్షులంటారు. ప్రపంచంలోని సుమారు 11,000 పక్షి జాతుల్లో సగానికి పైగా ఆ క్రమానివే, వాటిలోనూ అధిక భాగం ఈ వర్గానివే. ఈ లెక్కన పిగిలిపిట్ట, గోరింక, ఊరపిచ్చుక, గిజిగాడు, తేనెపిట్ట, నల్లంచి గాన పక్షులు. కర్ణకఠోరంగా అరిచే కాకి కూడా ఆ వర్గానిదే. వసంతానికి గొంతునిచ్చే కోకిల మాత్రం ఈ వర్గానికి బయటిది, తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట కూడా అంతే. గాన పక్షుల పిల్లలు పెద్దల పాటను విని, అనుకరించి, సరిదిద్దుకొని నేర్చుకుంటాయి కనుక, కాలనీలో ఒక్క మగ పిట్ట వచ్చి వాలడం కంటే నాలుగైదు జంటలు ఒకరి పాట ఒకరికి వినిపించేంత దగ్గరగా స్థిరపడడం ఎక్కువ విలువైన సంగతి.

జనగామ చుట్టూ ఉన్నది వాన తక్కువ పడే మెట్ట. ఎర్ర చెల్క నేలలు, రాతి బోళ్లు, చెరువు శిఖాలు, వాటి నడుమ రేగు కంప, తంగేడు, బలుసు, సీతాఫలం, వావిలి పొదలు ఇక్కడి సహజమైన పచ్చదనం. వెంచర్ వేసేటప్పుడు మొదటి రోజే జేసీబీ ఈ పొదలను వేళ్లతో సహా పెకలించి, నేలను చదును చేసి, హద్దురాళ్లు పాతుతుంది; కొనేవారి కంటికి శుభ్రంగా కనిపించే ఆ ఎర్రని బయలు పిట్టకు తిండీ లేని, నీడా లేని చోటు. అయినా అలాంటి స్థలంలోకి తొలుత వచ్చి పాడేది నల్లంచి. రాళ్ల కుప్పల మీద, సగం కట్టిన గోడల మీద తోక పైకెత్తి నిలబడే ఈ చిన్న నల్ల పిట్ట గోడల సందుల్లో, గట్ల బొరియల్లో గూడు పెడుతుంది కనుక కట్టడం సాగుతున్న చోటు దానికి కొంతకాలం అనుకూలమే. 19వ శతాబ్దంలో నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసి, 1862-64 మధ్య భారతదేశపు పక్షుల మీద గ్రంథం వెలువరించిన థామస్ జెర్డన్ తెలుగువారి నోట విన్న పక్షుల పేర్లను అందులో నమోదు చేశాడు. నల్లంచి, జీనువాయి (మునియా), వంగపండు (గోల్డెన్ ఓరియోల్) వంటి మాటలు ఆ కారణంగానే అచ్చులో నిలిచాయి. ఈ పేర్లను పిల్లల పాఠాల్లోకి మళ్లీ తేవలసిన అవసరం ఉంది, ఎందుకంటే పేరు తెలియని పిట్ట కాలనీ నుంచి వెళ్లిపోయినా దాని లోటు ఎవరికీ తెలియదు.

గోడలకు సిమెంటు పూత పడి, సందులు మూసుకుపోయి, ఇళ్లు నిండాక నల్లంచి తప్పుకుంటుంది. ఆ తరువాత ఎవరు వస్తారన్నది కాలనీ హద్దు వెంట ఏం మిగిలిందన్న దాని మీద ఆధారపడుతుంది. జనగామ వంటి మెట్ట పట్టణంలో మొదట చేయవలసిన పని నాటడం కాదు, మిగిల్చడం. వెంచర్ అంచున, వాన కాలువ ఒడ్డున, పార్కు కోసం వదిలిన స్థలంలో ఉన్న రేగు, బలుసు, తంగేడు పొదలను అలాగే ఉంచితే, నర్సరీ నుంచి తెచ్చిన మొక్క ఎన్నో ఏళ్లకు ఇవ్వగల ఆశ్రయం ఆ పొద ఆ వేసవికే ఇస్తుంది. ముళ్లున్న పొదలోకి పిల్లి చొరబడలేదు, కాకి సులువుగా దూరలేదు; పిగిలిపిట్ట గూడుకు అంతకంటే భద్రమైన చోటు లేదు. పొదలను మార్చి నుంచి జూన్ దాకా కత్తిరించకపోవడం కూడా ఇందులో భాగమే, ఎందుకంటే ఇక్కడి చాలా పిట్టలు గుడ్లు పెట్టే కాలం అదే, మున్సిపాలిటీలు పండుగలకు, పర్యటనలకు ముందు పొదలు నరికించేదీ తరచుగా ఆ కాలంలోనే.

నాటే విషయానికి వస్తే, 2015 జూలై 3న మొదలైన తెలంగాణ ప్రభుత్వ మొక్కల కార్యక్రమం హరితహారం ఈ మూడు జిల్లాల రోడ్లకూ కాలనీలకూ చాలా మొక్కలను ఇచ్చింది. అయితే త్వరగా పెరుగుతుందని, పశువులు ముట్టవని ఎన్నో చోట్ల వరుసలుగా పెట్టిన కోనోకార్పస్ తూర్పు ఆఫ్రికా, అరేబియా తీరాల మొక్క. ఏడాది పొడవునా పచ్చగా ఉన్నా అది పిట్ట తినే పండు కాయదు, దాని ఆకును తిని బతికే మన పురుగులూ అరుదు. దాన్ని ఇక పెంచవద్దని తరువాత ప్రభుత్వమే చెప్పింది. ఇక్కడ పురుగు ప్రస్తావన పొరపాటున వచ్చింది కాదు. పాట పిట్టల కథ అంతా నిజానికి పురుగు చుట్టూ తిరుగుతుంది. గింజలు తినే ఊరపిచ్చుక కూడా తన పిల్లలకు తొలి రోజుల్లో గొంగళి పురుగులు, చిన్న కీటకాలే పెడుతుంది, తేనె తాగే తేనెపిట్ట కూడా పిల్లల కోసం సాలీళ్లను, పురుగులను వేటాడుతుంది. అమెరికాలో చికడీ అనే చిన్న పిట్టను పరిశీలించినవారు ఒక్క గూటి పిల్లలను పెంచడానికి ఆ జంటకు 6,000 నుంచి 9,000 దాకా గొంగళి పురుగులు కావాలని లెక్కగట్టారు. వాషింగ్టన్ నగర శివార్ల పెరళ్లలో జరిగి 2018లో వెలువడిన అధ్యయనం, మొక్కల రాశిలో సుమారు 70 శాతం స్థానిక జాతులైతేనే ఆ పిట్ట సంతతి నిలుస్తుందని తేల్చింది. జనగామ పిట్టకు అదే అంకె వర్తిస్తుందని చెప్పనక్కర్లేదు గానీ సూత్రం మారదు: ఆకు మీద పురుగు ఉండని చెట్టు మీద గూడు నిలవదు.

కనుక కాలనీ వీధికి కానుగ, వేప, చింత, నేరేడు, వాటి నీడన మందార, అడ్డసరం, వావిలి, పార్కు మూలలో ఒక మేడి గానీ జువ్వి గానీ, ఖాళీ ఎక్కువగా ఉన్న చోట మర్రి లేదా రావి పెట్టడం మేలు. మర్రి, రావి, మేడి చెట్లు పండిన వారాల్లో గోరింకలు, పిగిలిపిట్టలు, కోకిలలు దూరం నుంచి కూడా చేరతాయి. అయితే వాటి వేళ్లు గోడలను, పైపులను చీల్చే గుణం ఉన్నవి కనుక ఇళ్లకు దూరంగా, చెరువు కట్ట పక్కనో పాఠశాల మైదానం చివరో నాటడమే సరైనది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోదుగు, బూరుగు పూసినప్పుడు తేనెపిట్టలు, గోరింకలు ఆ పూల మీదే రోజంతా గడుపుతాయి. చదును చేసిన పచ్చిక, దాని చుట్టూ సమంగా కత్తిరించిన అలంకార మొక్కలు ఉండే పార్కు కన్నా, రాలిన ఆకును ఊడ్చి కాల్చకుండా చెట్టు కిందే ఉంచిన పార్కులో పిట్టకు మేత ఎక్కువ, ఖర్చు తక్కువ.

వేసవిలో 42 డిగ్రీలు దాటడం మామూలైన ఈ ప్రాంతంలో నీరు తిండి కంటే ముందు వచ్చే అవసరం. పిట్టలకు చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ, గొంతు పొరలను ఆడిస్తూ ఒంటి తేమను ఆవిరి చేసి అవి వేడిని తగ్గించుకుంటాయి కనుక పోయిన నీటిని వెంటనే పూడ్చుకోవాలి. ఇందుకు మట్టి మూకుడు చాలు. లోతు 5 సెంటీమీటర్లు మించకూడదు, అడుగున గరుకు రాయి ఒకటి ఉండాలి, నీడలో, పొదకు దగ్గరగానే అయినా పిల్లి పొంచి దూకలేనంత ఎడంగా పెట్టాలి. నీటిని రోజూ పారబోసి కొత్తగా నింపితే దోమ గుడ్డు దోమగా ఎదిగే వ్యవధే దొరకదు. జనగామ డాబాల మీద ఎండలో పెట్టిన ప్లాస్టిక్ గిన్నెల్లో నీరు మధ్యాహ్నానికి తాగరానంత కాగిపోతుంది. మూకుడును చెట్టు నీడకు మార్చడం ఒక్కటే చాలా తేడా తెస్తుంది.

మహబూబాబాద్ చేరేసరికి నేల వేరు. పాత పేరు మానుకోటగా ఇప్పటికీ జనం పిలుచుకునే ఈ ఊరి చుట్టూ వరి మడులు, మిరప చేలు, ఈత, తాటి చెట్లు, కాకతీయుల కాలపు చెరువులు ఉన్నాయి; గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు ఈ జిల్లాలోనిదే. ఇక్కడ కాలనీలోకి రాగల పిట్టలు పొలం పిట్టలు: గిజిగాడు, జీనువాయి, ఏట్రింత (నల్ల డ్రోంగో), పాపట గోరింక. గిజిగాడికి కావలసినవి మూడు, చీల్చి అల్లడానికి వరి ఆకో పొడుగు గడ్డి పోచో, వేలాడదీయడానికి ఈత మట్టో తుమ్మ కొమ్మో, కింద నీరో ముళ్లో. వెంచర్ మధ్యలో పడిన పాత వ్యవసాయ బావిని పూడ్చకుండా, దాని మీదికి వంగిన చెట్టును కొట్టకుండా గట్టి జాలీ వేసి కాపాడితే, వానాకాలంలో ఆ బావి మీదే గిజిగాడి వాడ ఏర్పడే అవకాశం ఉంటుంది.

మహబూబాబాద్ అసలు సమస్య కాలనీ లోపల లేదు, దాని గోడ అవతల ఉంది. 2021లో కొత్త రకం తామర పురుగు మిరపను కుదేలు చేసినప్పుడు రైతులు పంట దక్కించుకోవడానికి మందు మీద మందు కొట్టవలసి వచ్చింది. ఆ రైతు నిస్సహాయతను అర్థం చేసుకోకుండా పిట్టల గురించి మాట్లాడడం న్యాయం కాదు. అయినా పురుగు మందు పురుగుతో పాటు దాన్ని తిని బతికే పిట్ట మేతనూ తీసేస్తుంది. చేలో టీ ఆకారపు కర్రలు, అంటే పక్షి స్థావరాలు, నిలబెట్టమని వ్యవసాయ శాఖ చెప్పే సలహా ఇక్కడ రెండు విధాల పనికివస్తుంది: ఏట్రింత, గోరింక ఆ కర్రల మీద వాలి కాయ తొలిచే పురుగును ఏరుకుంటాయి, పక్కనే ఉన్న కాలనీ చెట్లు వాటికి రాత్రి బసలవుతాయి. జీనువాయిలను పట్టి, రంగులద్ది, పంజరాల్లో అమ్మడం ఒకప్పుడు సంతల్లో మామూలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరమని కాలనీ సంఘాలు పిల్లలకు చెప్పవలసి ఉంది.

సంక్రాంతి కోతలప్పుడు వరి కంకులను కుచ్చులుగా అల్లి ఇంటి చూరుకు, గుడి మండపానికి పిచ్చుకల కోసం కట్టే ఆచారం తెలుగు నేలలో ఉన్నదే. పాత పెంకుటింటి దూలాల సందుల్లో గూడు, చూరున కంకుల కుచ్చు, వాకిట్లో చెరిగిన నూకలు కలిసి పిచ్చుకను ఇంటి మనిషిని చేశాయి. శ్లాబు ఇంటికి ఆ సందులు లేవు. పిచ్చుక దేశమంతా అంతరించిపోతోందన్న మాట సరికాదు. 2020లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక మొత్తం మీద దాని సంఖ్య దాదాపు నిలకడగా ఉందని, హైదరాబాద్ సహా ఆరు పెద్ద నగరాల్లో తగ్గుతోందని చెప్పింది. మహబూబాబాద్ ఇంకా ఆ నగరాల దారి పట్టలేదు కనుక ఇప్పుడే జాగ్రత్తపడడానికి వీలుంది. కంకుల కుచ్చు కట్టడం మంచిదే, జొన్నలు బస్తాలకొద్దీ కూడలిలో చల్లడం మాత్రం మంచిది కాదు. అక్కడ చేరేవి పావురాలు, వాటి రెట్ట ధూళి ఊపిరితిత్తులకు హాని, అవి పెరిగిన చోట చిన్న పిట్టలకు మిగిలేది తక్కువ. అదే నివేదిక 2023 సంచిక దేశంలో బాగా పెరుగుతున్న పక్షుల్లో పావురాన్ని, కోకిలను చేర్చి, 30 శాతానికి మించి తగ్గిన వాటిలో పాలపిట్టను చేర్చింది. దసరా నాడు చూడాలని జనం పొలాలకు వెళ్లే పిట్ట ఆ జాబితాలో ఉండడం ఈ జిల్లాలకు ప్రత్యేకంగా బాధ కలిగించే విషయం.

భూపాలపల్లి మొదటి రెండింటికీ భిన్నమైన ఊరు. ఒకవైపు సింగరేణి గనులు, చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం, మరోవైపు పాండవుల గుట్టల ఆకురాల్చే అడవి, కోటగుళ్ల పక్కన గణపురం చెరువు. అడవి ఇంత దగ్గరగా ఉన్న చోట పిట్ట కొరత ఉండదు, అడవికీ కాలనీకీ మధ్య తెగిన చోట్లే ఉంటాయి. కొమ్మల పందిరిలోనే తిరిగే పచ్చజిట్ట, శీతాకాలంలో ఎక్కువగా కనిపించే పసుపుపచ్చని వంగపండు పిట్ట విశాలమైన బయలును దాటడానికి వెనుకాడతాయి. నాలుగు వరుసల రోడ్డు, బొగ్గు లారీల బాట, మట్టి దిబ్బ వాటికి గోడలే. తవ్వి పోసిన మట్టి దిబ్బల మీద సింగరేణి నాటించే మొక్కల్లో స్థానిక జాతులు ఎంత కలగలిసి ఉంటే, ఆ దిబ్బలు అడవి నుంచి కార్మికుల కాలనీకి అంత మంచి వంతెనలవుతాయి. ఒకే జాతి మొక్కతో నింపిన దిబ్బ దూరానికి పచ్చగా కనిపిస్తుంది గానీ దాని లోపల పాట వినిపించదు.

ఈ ఊరి కాలనీలకు తగిన అసలైన గాయకుడు పెద్ద నల్లంచి. నలుపు తెలుపుల ఈ పిట్ట మగది వేసవి తెల్లవారుజామున ఎత్తైన కొమ్మ మీద నుంచి దీర్ఘంగా, మారుస్తూ మారుస్తూ పాడుతుంది. తెలుగు నేల మీద దీనికి సాటి వచ్చే గొంతు అరుదు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో రణగొణ ఎక్కువున్న వీధుల పిట్టలు తమ పాట శ్రుతిని పెంచుతున్నాయని 2003లో పరిశోధకులు చూపారు. లారీల రొద ఆగని దారి పక్కన పాడే పిట్ట మీద కూడా అలాంటి ఒత్తిడి ఉంటుంది కనుక దాని చెట్లు రోడ్డు అంచున కాక ఇళ్ల వెనుక వైపున ఉండడం మేలు. రాత్రంతా వెలిగే ఫ్లడ్ లైట్ల వెలుగు నేరుగా చెట్ల మీద పడకుండా కిందికి వంచడం, పెద్ద అద్దాల గోడలకు బయటి వైపు చారలు అంటించడం కార్యాలయ భవనాలకు తేలికైన పనులు. సంక్రాంతి తరువాత చెట్లకు చిక్కుకున్న మాంజా దారాన్ని తీయించడం కూడా అంతే. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే నిషేధించినా దాని ముక్కలు కొమ్మల్లో ఏళ్ల తరబడి పిట్టల రెక్కలు కోస్తూ ఉంటాయి.

పెద్ద నల్లంచి, పిచ్చుక రెండూ తొర్రల్లో, సందుల్లో గూడు పెట్టేవి. కొత్త కాలనీ చెట్టుకు తొర్ర పడాలంటే దశాబ్దాలు పడతాయి. ఆ లోపు చెక్క గూళ్లు ఆ లోటును తీరుస్తాయి. పిచ్చుకకు ద్వారం 32 మిల్లీమీటర్లు చాలు, పెద్ద నల్లంచికి అంతకంటే వెడల్పు కావాలి. ఈ వేడికి రేకు డబ్బా పనికిరాదు, మందమైన చెక్కో కాల్చిన మట్టో వాడి, పైభాగాన గాలి రంధ్రాలు పెట్టి, మధ్యాహ్నపు ఎండ తగలని వైపు మనిషి ఎత్తుకు పైన బిగించాలి. ద్వారం ముందు వాలడానికి పుల్ల పెట్టకూడదు, అది గూటి పిట్టకు అక్కర్లేదు, పిల్లలను లాక్కుపోయే కాకికే ఉపయోగం. పిల్లలు ఎగిరిపోయిన తరువాత, వానలు తగ్గాక పాత గడ్డిని తీసి శుభ్రం చేసి ఉంచితే తరువాతి ఫిబ్రవరికి గూడు సిద్ధంగా ఉంటుంది. మొదటి ఏడాది ఖాళీగా ఉన్న గూడును తీసేయకుండా రెండు మూడేళ్లు అక్కడే ఉంచాలి.