చౌకబీరునకు మేమిచ్చిన మార్కులు



ఈ శీర్షిక చూచి మీలో కొందఱు బొమలు ముడిచెదరు. ముడువుడు, కాని కడవఱకు చదువుడు.

మా వారు ఇంగ్లండులో బర్టన్ అను పట్టణమున బడిలో గణితము చెప్పుచున్నారు. ట్రెంటు నది యొడ్డున నున్న ఆ యూరు బీరునకు పుట్టినిల్లువంటిది. అచ్చటి బావుల నీటిలో జిప్సము మెండు. ఆ నీటితో చేసిన లేతవన్నె బీరు 19వ శతాబ్దమున ఓడలమీద మన దేశమునకు సైతము వచ్చెడిది. కొన్ని దినములు కిటికీ తెఱవగనే ఉడుకు బార్లీ వాసన యింటిలోనికి వచ్చును. మొదట పొరుగింటిలో ఎవరో రాగిమాల్టు కాచుచున్నారనుకొంటిమి.

మా మరిది చదువునకై వచ్చి మాయొద్దనే యున్నాడు. మూడు నెలల క్రిందట ప్రతి శుక్రవారము నాలుగు బీరు డబ్బాల కట్ట తెచ్చికొని, గదిలో తలుపు వేసికొన నారంభించెను. కొన్నాళ్లకు ఒక కట్ట రెండయ్యెను. మాకు గుండె జాఱెను. మేము నెల్లూరు జిల్లా వారము. మా మేనమామ సారాయి మూలమున మూడెకరముల మాగాణి పోగొట్టుకొన్న కథను మా యమ్మ చెప్పి చెప్పి కన్నీరు పెట్టుకొనెడిది. 1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణముపై తిరుగబడిన వృత్తాంతము వినుచునే మేము పెరిగితిమి. కావున మరిదితో మాటలు మానితిమి. అత్తగారికి జాబు వ్రాయబూనితిమి.

అతడు, "వదినగారూ! ఇది సారాయి కాదు. రుచియైన చూడక తీర్పు చెప్పుచున్నారు" అనెను. ఆ మాట మమ్ము రాత్రియెల్ల నిద్రపోనీయలేదు. మా తండ్రిగారు చెప్పిన భారతపాఠము జ్ఞప్తికి వచ్చినది. కచుని బూడిద కలిసిన సురను త్రాగిన పిమ్మటనే కదా శుక్రాచార్యులు సురాపానమును నిషేధించినది! తెలిసి పలికిన మాటకు బలమెక్కువ.

మఱుసటి శుక్రవారము భోజనపు బల్ల యొద్ద ఒక డబ్బా తెఱపించితిమి. మా వారు జవాబు పత్రములు దిద్దు ఎఱ్ఱకలము చేతికిచ్చి, "అయిదు ప్రశ్నలు, ఒక్కొక్కదానికి పది మార్కులు" అనిరి. ఆ బీరు పేరు వ్రాయము; నిందించుటయు, ప్రకటించుటయు మా పని కాదు. అది ఆ దేశమున వీధివీధిని దొరకు చౌకరకపు లాగరు.

రంగు: లేత బంగారువన్నె, గ్లాసు కావల నున్న అక్షరములు చదువవచ్చును. 8. నురుగు: మజ్జిగ నురుగువలె లేచి, అఱువది లెక్కించులోపల అణగిపోయెను. 4. వాసన: నానబెట్టిన బార్లీ, తడిసిన గడ్డి. 4. రుచి: గోలీసోడావలె నాలుకను పొడిచి, ఇంచుక తీపి, పిదప మెంతులు నానిన నీటి చేదు. 5. మ్రింగిన పిమ్మట నిలుచునది: ఏమియు లేదు. 3. మొత్తము ఏబదికి 24.

ఈ చప్పదనమునకు కారణములున్నవి. జర్మను భాషలో లాగరు అను మాటకు మూలము నిలువయుంచుట. మొలకకట్టించి ఆరబెట్టిన బార్లీని ఉడికించి, హాప్సు అను చేదుపూలు చేర్చి, చల్లని చోట ఈస్టుతో మెల్లగా పులియబెట్టి నిలువయుంతురు. 1842లో బొహీమియాలోని పిల్జెన్ పట్టణమున దీని లేతవన్నె రకము పుట్టినది. 1960 ప్రాంతమున బ్రిటనులో ఇది అరుదు. ఆ శతాబ్దము ముగియులోపల అచ్చట అమ్ముడుపోవు బీరులో సగమునకు మించినది. చౌకరకములు కొన్నింటిలో మొక్కజొన్నయో చక్కెరపాకమో చేర్చుదురు. మిక్కిలి చల్లగా త్రాగుదురు గనుక నాలుకకు గుణదోషములు తెలియవు. మఱియు 2023 ఆగస్టు నుండి నూటికి 3.5 పాళ్లకు తక్కువ ఆల్కహాలున్న బీరుపై సుంకము సగముకంటె తగ్గినది. అందుచే పెక్కు రకములను 3.4కు దింపిరి. మా డబ్బామీదను అదియే అంకె.

మా వారు లెక్క కట్టిరి. 440 మిల్లీలీటర్ల డబ్బాలో శుద్ధమైన ఆల్కహాలు సుమారు 15 మిల్లీలీటర్లు. అచ్చటి కొలతలో 10 మిల్లీలీటర్లు ఒక యూనిటు. అనగా డబ్బాకు ఒకటిన్నర. వారమునకు 14 యూనిట్లు మించరాదని 2016లో బ్రిటను వైద్యాధికారులు స్త్రీపురుషులకు ఒకే హద్దు చెప్పిరి. "ఎనిమిది డబ్బాలకు పండ్రెండే, హద్దులోనే యున్నాను" అని మరిది సంతసించెను. అంత త్రాగువారు దానిని మూడు దినములకైన పంచుకొనవలెనను రెండవ వాక్యమును మేము చదివి వినిపించితిమి. అతడు తల వంచుకొనెను.

మాకు భయము కలిగించినది ఆ కడపటి మూడు మార్కులు. ఆవకాయ ముద్ద తానే చాలునని చెప్పును. ఈ పానీయము ఏమియు చెప్పదు. కావున చేయి తనంతట మఱియొక డబ్బాకు పోవును. "రుచి లేనిదానిని ఎనిమిది డబ్బాలు ఏల త్రాగుదువు, నాయనా?" అని యడిగితిమి. చాలసేపు మాటాడలేదు. పిదప, శీతకాలపు పరీక్షలలో రెండు తప్పితినని, ఆ సంగతి ఎవరికిని చెప్పలేదని, శుక్రవారము రాత్రి నిద్ర పట్టుటకై త్రాగుచుంటినని చెప్పెను.

మూడు నెలలు డబ్బాలు లెక్కించితిమి గాని, పరీక్షలెట్లు వ్రాసితివని ఒక్కనాడైన అడుగమైతిమి. అదే ఎఱ్ఱకలముతో మాకును మార్కులు వేసికొనవలసి వచ్చినది. అవి యెన్నియో ఇచ్చట వ్రాయము.

మా గ్లాసులో మిగిలినది పంపు క్రింద పారబోసితిమి. అత్తగారి జాబు చించివేసితిమి. ఇప్పుడు శుక్రవారము రాత్రి అతడు మాతో కూర్చుండి భోజనము చేయును. ఒకనాడు ఒక డబ్బా, ఒకనాడు అదియు లేదు. తలుపు మాత్రము వేసికొనుట లేదు. మా వారు రోజును గంటసేపు లెక్కలు చెప్పుచున్నారు.

మీ యింటను ఇట్టి డబ్బాలు కనబడినచో లెక్కింపుడు, లెక్కింపవలసినదే. కాని జాబు వ్రాయుటకు ముందు ఆ బిడ్డను ఒక ప్రశ్న యడుగుడు. మా మరిది తప్పిన పరీక్షలు ఆగస్టులో మరల వ్రాయును. ఫలితము తెలిసిన పిమ్మట మీకు వ్రాసెదము.