చూచి చెక్కిన వీణ

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటిన నాడు మా ఉద్దానమున కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు లెక్కకు మిక్కిలిగా నేల కూలెను. మా పెరటి పనసయు వానిలో నొకటి. దాని కొమ్మ నొకదానిని దాచుకొని, మరుసటి యేడు పాఠశాల ప్రదర్శనమునకై మేమొక చిన్న వీణను చెక్కితిమి.

మాకు మాతృక టెక్కలిలో బంధువుల యింట గాజుపెట్టెలో నున్న బొబ్బిలి వీణ బొమ్మ. బొబ్బిలి దాపున గొల్లపల్లిలో వీణలు చేయువారు ఒకే పనస దుంగను తొలిచి, కుండయు దండియు వేరుగాకుండ మలచుదురు. అతుకు లేకుండుటయే ఆ వీణ ప్రశస్తి. చివర యాళి ముఖముండును. మేము కొలబద్దతో, కాగితముతో ఆ బొమ్మను అంగుళ మంగుళము దింపుకొంటిమి. దాని యాళి మెడ యొకింత ప్రక్కకు తిరిగి, ఏదో వినుచున్నట్లుండెను. అదియే మాకు మిక్కిలి నచ్చెను. చూచువారికిని అదియే నచ్చెను. ప్రథమ బహుమానము వచ్చినది. చీటిపై మా పేరు మాత్రమే వ్రాసితిమి.

బంధువులను చూడవచ్చిన బొబ్బిలి వైపు వృద్ధుడొకడు ప్రదర్శనమునకు వచ్చి, ఆ వీణను చేతికెత్తుకొని చాలసేపు చూచెను. "ఈ మెడ ఒంపు మా అబ్బాయిది బాబూ. మూడు సార్లు విరిగినాక నాలుగోసారి నిలిచింది" అని మెల్లగా క్రింద పెట్టెను. కోపపడి యుండినచో మాకు సులువయ్యెడిది.

తరువాత చట్టముల సంగతి అడిగి తెలిసికొంటిమి. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కలదు. 1999 నాటి చట్టము వలన వచ్చు ఆ గుర్తింపు పేరును కాచును గాని మెడ ఒంపును కాచదు. ఒంపును కాచుకొనుటకు 2000 నాటి డిజైన్ల చట్టము క్రింద, అది బయటపడక మునుపే నమోదు చేయింపవలెను; రక్షణ 10 ఏండ్లు, కోరిన మఱి 5 ఏండ్లు. నమోదు కాని యిట్టి ఆకృతితో హక్కుదారుడు పారిశ్రామిక పద్ధతిని 50కి మించి వస్తువులు చేసిన పిమ్మట 1957 నాటి కాపీరైటు చట్టమును చేయి విడుచును. ఏ పూటకాపూట చెక్కి అమ్ముకొనువాడు ఏ కచేరికి పోవును?

యాళిని చెక్కుట దోషమని మేమనుకొనము. అది తాతముత్తాతలది, గొల్లపల్లి శిల్పియు నొకరిని చూచియే నేర్చెను. చూచి చేయుట లేకున్న ఏ విద్యయు నిలువదు. కాని తిరిగిన ఆ మెడ తాతలది కాదు.

బహుమానముగా నిచ్చిన ఉలి యింకను మా యొద్ద నున్నది. వీణ క్రింది చీటిని మార్చి వ్రాయ గూర్చుండగా, ఆ వృద్ధుని కుమారుని పేరు అడుగనే లేదని తోచెను. అంత మేర ఖాళీ విడిచితిమి.