వస్తాడట!

నలభై దాటాక కొత్త భాష నేర్చుకోవాలన్న బుద్ధి పుట్టకూడదు. పుట్టిందా, ఇంట్లో నవ్వులపాలే. "తెలుగులో నవలలు రాస్తున్నావుగా, చాలదూ?" అన్నారు మావారు.

"నిజాం అంతటివాడే 1931లో ఆఖరి ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్‌ని కోడలిగా తెచ్చుకున్నాడు. ఆయన ఏలుబడిలో ఉండిన కోటగిరి ఆడపడుచుని, నేను రెండు టర్కీ ముక్కలు నేర్చుకుంటే తప్పా?" అన్నాను.

అసలు కారణం వేరు. మా అన్న కొడుకు ఉద్యోగానికని ఇస్తాంబుల్ వెళ్ళాడు. ఫోను చేసినప్పుడల్లా ఓ పాఠం చెబుతాడు. 1928 నుంచీ వాళ్ళవి ఇంగ్లీషు తరహా అక్షరాలే కనక చదవడానికి బెంగ లేదు.

"బెన్ ఎవె గిదియోరుమ్" అంటే "నేను ఇంటికి వెళ్తున్నాను". ఒక్క మాటా అటూ ఇటూ జరగలేదు! క్రియ బుద్ధిగా చివర కూచుంది. ఇంగ్లీషు వాక్యం తిరగెయ్యలేక బళ్ళో తిన్న మొట్టికాయలు గుర్తొచ్చాయి.

ఎవ్ అంటే ఇల్లు. ఎవ్‌లెర్ ఇళ్ళు. ఎవ్‌లెరిమిజ్‌దె, మా ఇళ్ళల్లో. మనం ముందు పెట్టే "మా"ని వాళ్ళు తోకకి కడతారు, అంతే తేడా. కాని పుస్తకాలు కితాప్‌లార్ అట. "లెర్ ఏమయిందిరా?" అంటే, "ముందున్న అచ్చుని బట్టి మారుతుంది అత్తా" అన్నాడు. విసుక్కోబోయి ఆగాను. మనమూ గుడికి అంటాం, తోటకు అంటాం. నాకెవరు నేర్పారు?

ఆ తర్వాతి పాఠం, గెల్ది అంటే వచ్చాడు. గెల్మిష్ అంటే వచ్చాడట. కళ్ళారా చూస్తే ఒకటి, ఎవరో చెప్పగా వింటే ఇంకొకటి. అచ్చం మన "ట"!

దసరాకి కోటగిరి వెళ్ళాను. అమ్మ తంగేడుపూలతో బతుకమ్మ పేరుస్తూ పక్కింటావిడతో అంటోంది: "మా పిలగాడు వచ్చే పండుగకు వస్తడట." కిందటేడూ అదే మాట. పాతికేళ్ళ కిందట అన్న గల్ఫ్‌లో ఉన్నప్పుడూ అదే మాట. ఈ చుట్టుపక్కల ఎందరు తల్లులు ఆ "ట"ని పట్టుకుని ఏళ్ళు గడిపారో!

రాత్రి వాడికి ఫోను చేశాను. "నానమ్మ నిన్ను గెలెజెక్‌మిష్ అంటోందిరా, వస్తాడట అని." నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

కాసేపాగి, "గెల్ది అనిపిస్తా అత్తా. సెలవు అడుగుతాను" అన్నాడు.

తెల్లారి అమ్మ పక్కన కూచుని, "సెలవు అడుగుతాడట" అన్నాను. అన్నాక గాని తెలియలేదు, నా నోటా ఆ "ట"యే వచ్చిందని.